వావిలాకు సారానికి నిరోధక శాతం మైనస్‌లో వస్తోంది

పరిశోధిని: నమస్కారమండీ. బాలింతల స్నానపు నీళ్లలో వేసే వావిలాకుకు వాపు తగ్గించే గుణం ఏపాటిదో చూడడం నా ఎం.ఫార్మసీ ప్రాజెక్టు. ఆకును నీడన ఆరబెట్టి, పొడిచేసి, సాక్స్‌లెట్‌లో (ద్రావకాన్ని మళ్లీమళ్లీ పారించి సారం లాగే గాజు పరికరం) మిథనాల్‌తో సారం తీశాను. కోడిగుడ్డు తెల్లసొన, ఫాస్ఫేట్ బఫర్ (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణం), సారం కలిపి 37 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, 70 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచి, చల్లారాక 660 నానోమీటర్ల కాంతి దగ్గర మసక ఎంతో రీడింగు తీస్తున్నాను. వేడికి తెల్లసొన గడ్డకట్టడాన్ని ఎంత ఆపితే నిరోధక శాతం అంత. పోలికకు పెట్టిన వాపు మందు డైక్లోఫినాక్‌కు శాతం సవ్యంగానే వస్తోంది గానీ, సారానికి మాత్రం మోతాదు పెంచినకొద్దీ మైనస్‌లోకి దిగుతోంది. ఆకు పనిచేయదనే అనుకోవాలా?

కల్వం: తొందరపడకండి. పత్రహరితం సరిగ్గా 660 పరిసరాల్లోనే కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది. తెల్లసొన గడ్డకట్టిన మసక ఏదో, ఆకు రంగు ఏదో యంత్రానికి తెలియదు. ప్రతి మోతాదుకూ తెల్లసొన వేయకుండా సారమూ బఫరూ మాత్రమే ఉన్న గొట్టాన్ని అదే వేడిలో పెట్టి, ఆ రీడింగును తీసివేయండి. పీజీలో ఈ ఒక్క గొట్టం పెట్టక నేను రెండు నెలలు పోగొట్టుకున్నాను.

పాతకాపు: సూత్రం కూడా చూసుకోమ్మా. కంట్రోల్ (సారం లేని గొట్టం) రీడింగు నుంచి టెస్టు (సారం ఉన్న గొట్టం) రీడింగును తీసివేసే సూత్రం ఒకటి, టెస్టును కంట్రోల్‌తో భాగించి 1 తీసివేసేది మరొకటి, రెండూ వ్యాసాల్లో కనిపిస్తాయి. రెండోది వాడితే ఆకు రంగే నిరోధక శాతంగా నమోదవుతుంది. ముదురు ఆకుపచ్చ సారాలకు అద్భుత ఫలితాలు చూసినప్పుడల్లా నాకు ఈ అనుమానమే వస్తుంది.

ఎలుకలగది: గొట్టంలో నెగ్గినంత మాత్రాన వాపు తగ్గుతుందని రాయకండి. జంతు నైతిక సంఘం అనుమతి వచ్చాక, నోటి ద్వారా సారం ఇచ్చి, ఎలుక అరికాలులో వాపు తెప్పించే 1 శాతం క్యారజీనన్ 0.1 మిల్లీలీటరు ఎక్కించి, ప్లెథిస్మోమీటరుతో (పాదాన్ని ద్రవంలో ముంచి పరిమాణం కొలిచే పరికరం) గంటగంటకూ పాదం పరిమాణం కొలవాలి. తొలి గంటలోని వాపు ప్రధానంగా ఒంట్లో విడుదలయ్యే హిస్టమిన్, సెరటోనిన్ అనే రసాయనాలది. మూడో గంట నాటి వాపులో డైక్లోఫినాక్ అడ్డుకునే ప్రోస్టాగ్లాండిన్లది పెద్ద పాత్ర కనుక డైక్లోఫినాక్‌తో పోలిక అక్కడే అర్థవంతం. మడమ దగ్గర గీసిన గుర్తు వరకే పాదాన్ని ముంచండి. గుర్తు చెరిగితే ఆ రోజు లెక్క పోయినట్లే.

పరిశోధిని: కల్వం గారూ, తెల్లసొన లేని గొట్టం పెట్టి చూశాను, రీడింగులో ఎక్కువ భాగం రంగుదే. దాన్ని తీసివేశాక మైనస్ పోయింది. పై మోతాదులో మాత్రం వేడి చేయకముందే తరకలు కడుతోంది, బహుశా టానిన్లు (ఆకులోని వగరు పదార్థాలు) ప్రొటీన్‌ను పట్టేస్తున్నాయి. బాలింతలకు ఎలాగూ నీళ్లలోనే కాస్తారు కనుక, పత్రహరితం అంతగా దిగని నీటి కషాయంతో సోమవారం మళ్లీ మొదలుపెడుతున్నాను.