6/8లో కార్డ్ ప్యాటర్న్ తప్పెట లూప్‌తో కుదరట్లేదు

గాజువాక_కీస్:
ఆర్కే బీచ్‌లో స్టేజి డ్యాన్స్‌కి ట్రాక్ చేస్తున్నా. తప్పెట లూప్ 6/8లో ఉంది, ప్రాజెక్ట్ టెంపో 150. ఎ మైనర్, ఎఫ్, సి, జి బార్‌కొకటి. ప్యాడ్ సింథ్ ముందు స్టెప్ సీక్వెన్సర్ ప్లగిన్ (నొక్కి ఉంచిన కార్డ్‌ని ఆన్ చేసిన స్టెప్పుల్లోనే మోగించేది) పెట్టా: 16 స్టెప్పులు, రేటు 1/16. మొదటి బార్ బాగుంటుంది, రెండో బార్ నుంచి తప్పెటతో కొట్లాటే. మళ్లీ ఐదో బార్‌కి దానంతటదే కుదురుతుంది! ఏటవుతోందో అర్థం కావట్లేదు. పైగా కార్డ్ మారినప్పుడు మొదటి దెబ్బలో ఒక్కోసారి ఒకే స్వరం వినబడుతోంది.

రుషికొండ_బీట్స్:
ఐదో బార్ అన్నారు చూడండి, అక్కడే దొరికిపోయింది. 6/8 బార్‌లో 1/16లు 12 మాత్రమే. మీ ప్యాటర్న్ 16. అది మూడుసార్లు తిరిగితే 48, నాలుగు బార్లు కలిపినా 48. స్టెప్పులు 12 చేయండి, రేటు కదపకండి. ట్రిప్లెట్ రేటు (రెండింటి చోట మూడు) జోలికి అసలు వెళ్లొద్దు, అది 4/4 ప్రాజెక్ట్‌లో తిశ్రం కావాలనుకున్నప్పటి మాట.

దెబ్బలు ఎక్కడ వేయాలంటే, నోటితో 'తకిట తకిట తక తక తక' అనుకోండి. 3+3+2+2+2. ప్రతి 'త' దగ్గర స్టెప్ ఆన్: 1, 4, 7, 9, 11. వెలాసిటీ (దెబ్బ బలం) 1కి 110, 7కి 100, 4కి 85, చివరి రెండింటికి 70. అన్నీ ఒకటే పెడితే కుట్టుమిషన్ నడిచినట్టుంటుంది. చాలా ప్యాడ్ ప్యాచ్‌లు వెలాసిటీని పట్టించుకోవు, కాబట్టి ముందు సింథ్‌లో దాన్ని వాల్యూమ్‌కో ఫిల్టర్‌కో కలపండి.

గేట్ (స్టెప్‌లో స్వరం మోగే భాగం) 60 శాతం. ఈ టెంపోలో స్టెప్ 100 మిల్లీసెకన్లు, అంటే స్వరం 60 దగ్గర వదిలేస్తుంది. కానీ ప్యాడ్ రిలీజ్ (వదిలాక స్వరం ఆగడానికి పట్టే సమయం) 800 మిల్లీసెకన్లు ఉంటే గేట్ ఉన్నా లేనట్టే. 50కి దించండి. అటాక్ (స్వరం పైకి లేవడానికి పట్టే సమయం) మాత్రం సున్నా చేయకండి, టిక్కుమంటుంది. 3 నుంచి 5 చాలు.

ఎంవీపీ_మిక్స్:
రెండో సమస్యకి. స్టెప్ మొదలైన క్షణానికి ఏ స్వరాలు నొక్కి ఉంటే సీక్వెన్సర్ వాటినే పంపుతుంది. మూడు వేళ్లూ ఒకేసారి పడవు కదా. కార్డులు రికార్డ్ చేసి, క్వాంటైజ్ చేసి (స్వరాలను సరిగ్గా తాళం గీతల మీదకి చేర్చి), అన్నీ 20 మిల్లీసెకన్లు ముందే మొదలయ్యేలా జరపండి (960 పీపీక్యూలో, అంటే క్వార్టర్ నోట్‌కి 960 టిక్కులుంటే, 48 టిక్కులు). పాత కార్డ్ కూడా అక్కడే ముగియాలి, లేకపోతే మొదటి దెబ్బలో రెండు కార్డులూ కలిసి మోగుతాయి. లాచ్ (వేలు తీసినా కార్డ్‌ని పట్టి ఉంచేది) ఆఫ్.

ఇందులో ఒక మెలిక ఉంది. ప్లగిన్‌లో రీస్టార్ట్ 'కీ' మీద ఉంటే (అంటే కీ నొక్కగానే మొదటి స్టెప్ నుంచి) ప్యాటర్న్ మొత్తం ఆ 20 మిల్లీసెకన్లూ ముందే మొదలైపోతుంది. హోస్ట్ సింక్ (ప్రాజెక్ట్ బార్లతో పాటే నడిచేలా) మీద పెట్టండి. పాట ముందు ఒక బార్ ఖాళీ వదలండి, మొదటి కార్డ్ కూడా ముందే మొదలవ్వడానికి చోటు ఉండాలిగా.

గాజువాక_కీస్:
12 చేయగానే కూర్చుంది, థాంక్స్ గురూ. కార్డ్ మారిన చోట గెంతినట్టుంది, అదొక్కటే.

ఎంవీపీ_మిక్స్:
అన్నీ రూట్ పొజిషన్‌లో (కార్డ్ పేరున్న స్వరం, అంటే రూట్, అడుగున పెట్టి) వాయిస్తున్నట్టున్నారు. ఇలా పట్టండి: ఎ–సి–ఇ, ఎ–సి–ఎఫ్, జి–సి–ఇ, జి–బి–డి. మొదటి మార్పులో ఒక్క స్వరమే కదులుతుంది, తర్వాతి రెండింటిలో రెండేసి. రూట్ బేస్‌కి వదిలేయండి, కార్డుల్లో 200 హెర్ట్జ్ కింద కోసేయండి, తప్పెటకి చోటు దొరుకుతుంది.

రుషికొండ_బీట్స్:
బయట స్టేజి అంటున్నారు కాబట్టి మాస్టర్‌లో మోనో (ఎడమ, కుడి కలిపి ఒకటే) నొక్కి ఒకసారి వినండి. పీఏ (స్టేజి స్పీకర్ల సెట్టు) చాలాచోట్ల మోనోనే. ప్యాడ్ మీద స్టీరియో కోరస్ గట్టిగా ఉంటే అక్కడ కార్డులు సగం మాయమవుతాయి.