మందులు మానేస్తేనే విశ్వాసమా? అమ్మకు ఎలా చెప్పాలి?

అందరికీ వందనాలు. మా అమ్మకు షుగర్, చాలా ఏళ్ళుగా మాత్రలు వేసుకుంటోంది. ఈమధ్య ఒక కూడికలో పాస్టర్ గారు తల మీద చెయ్యి వేసి 'స్వస్థత అయిపోయింది, ఇక మాత్ర మింగితే అది అవిశ్వాసం' అన్నారట, అప్పటి నుంచి మానేసింది. నిన్న ఆవిడ బైబిల్ కవర్ జిప్పు తీస్తే మాత్రల స్ట్రిప్ ఒక్కటి కూడా తీయకుండా అలాగే ఉంది, పక్కనే 'విత్తన కానుక' (దేవుడు ఎక్కువగా తిరిగి ఇస్తాడని నమ్మి ఇచ్చే డబ్బు) అని రాసిన కవరు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

నేనూ విశ్వాసినే, దేవుడు బాగుచేస్తాడనే నమ్ముతాను. కానీ పౌలు తిమోతికి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు (1 తిమోతి 5:23), తన తోటివాడు త్రోఫిమును మిలేతు పట్టణంలో జబ్బుతోనే వదిలి వచ్చాడు (2 తిమోతి 4:20). వాళ్ళకు విశ్వాసం లేదంటామా? నోటితో పలికితే చాలు జరిగిపోతుందనే ఈ బోధ 20వ శతాబ్దంలో అమెరికాలో కెన్నెత్ హేగిన్ అనే బోధకుడి లాంటివాళ్ళు బాగా వ్యాప్తి చేసింది, అపొస్తలులు చెప్పింది కాదు. ఇదే చెబితే అమ్మ 'నీలో సాతాను మాట్లాడుతున్నాడు' అని ఏడ్చింది.

వాదన పెట్టుకోకుండా ముందు ఆ మాత్ర వేయించాలి. ఇంట్లో ఇలాంటిది దాటినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఏ మాట పనిచేసింది? ఆ పాస్టర్ గారితోనే నేరుగా మాట్లాడమంటారా, వద్దా? కాస్త తొందరగా చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.