కొత్త ట్యాంకులో నీళ్లు తెల్లబడ్డాయి, చేపలు ఎప్పుడు వదలాలి?

ప్రశ్న (పానగల్ వైపు, నల్లగొండ):
అన్నలూ అక్కలూ, మా పాప పోరు పడలేక ట్యాంకు తెచ్చాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. కంకర, ఎయిర్ పంపు, స్పాంజ్ ఫిల్టర్ కూడా ఇచ్చారు. యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి ఒక్కరోజు ఆగి చేపలు వదిలేయండి అన్నాడు షాపతను. ఇంకా వదల్లేదు, ఎందుకంటే రెండు మూడు రోజులకే నీళ్లు తెల్లగా మసకబారాయి, వెనకాల గోడ కూడా సరిగ్గా కనిపించట్లేదు. మొత్తం పారబోసి మళ్లీ నింపాలా? ఇంకో సందేహం, ఇంట్లో నల్లాకు కృష్ణా నీళ్లు వస్తాయి, బోరు ఉంది, తాగడానికి ప్లాంటు నుంచి క్యాన్ తెచ్చుకుంటాం. ఏవి మంచివి? మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ అంటారు కదా, అదే టెన్షన్. పాపకేమో గోల్డ్ ఫిష్, నియాన్ టెట్రా కావాలట.

జవాబు (మిర్యాలగూడ):
పారబోయకండి అక్కా. కొత్త ట్యాంకులో ఆ తెలుపు చాలాసార్లు నీళ్లలో ఒక్కసారిగా పెరిగిన బ్యాక్టీరియాయే, కదిలించకుండా వదిలేస్తే దానంతటదే తేటపడుతుంది. మీరు చేపలు వదలకుండా ఆగడమే మంచిదైంది. చేప విసర్జన, మిగిలిన మేత కుళ్లితే అమ్మోనియా పుడుతుంది, అది చేపకు విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, అదీ విషమే, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది, అది కొంతవరకు పర్వాలేదు, నీళ్లు మారుస్తుంటే తగ్గిపోతుంది. ఈ బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది స్పాంజ్‌లో, కంకర మీద. అవి స్థిరపడడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, యాంటీ క్లోరిన్ మందు తీసేది క్లోరిన్‌ను, ఈ పని అది చేయదు.

కాబట్టి ఖాళీ ట్యాంకులోనే రోజూ చిటికెడు చేపల మేత వేయండి, అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది, బ్యాక్టీరియాకు అదే తిండి. ఫిల్టర్ రాత్రీ పగలూ తిరగాలి. ఒక అమ్మోనియా, నైట్రైట్ టెస్ట్ కిట్ కొనండి, దీనికి పెట్టే డబ్బు దగ్గర వెనకాడొద్దు. చుక్కల కిట్లలో చాలావాటికి చిన్న గాజు గొట్టంలో నీళ్లు పసుపుగానే ఉంటే అమ్మోనియా లేనట్టు, ఆకుపచ్చకు తిరిగితే ఉన్నట్టు. మొదట అమ్మోనియా పెరుగుతుంది, తర్వాత నైట్రైట్ పెరుగుతుంది, చివరికి మేత వేస్తున్నా రెండూ సున్నా చూపిస్తాయి. అప్పుడు వదలండి. ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంకు తెలిసినవాళ్ల దగ్గర ఉంటే వాళ్ల ఫిల్టర్ స్పాంజ్ ముక్క తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టర్ పక్కన పెట్టండి, చాలా రోజులు కలిసొస్తాయి.

జవాబు (దేవరకొండ):
పై అన్న చెప్పినదానికి మన నీళ్ల సంగతి కలుపుతా, ఎందుకంటే తొందర పడితే ఎక్కువ నష్టం మనలాంటి చోటే. అమ్మోనియాలో విషంగా పనిచేసే వంతు నీళ్ల పీహెచ్‌తోనూ (ఆమ్ల, క్షార గుణాల కొలత, 7 అంటే మధ్యస్థం) వేడితోనూ పెరుగుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి వెళితే ఆ వంతు దాదాపు పది రెట్లవుతుంది. బకెట్‌కు తెల్లటి పొర కట్టే బోరు నీళ్లకు పీహెచ్ సాధారణంగా ఎక్కువే ఉంటుంది, పైన మన ఎండలు. అందుకే వేరే ఊళ్లో ఎవరో మర్నాడే వదిలితే బతికాయన్న మాట నమ్మి ఇక్కడ అలా చేయొద్దు అక్కా.

కొత్త ట్యాంకులో ముందు చూడాల్సింది ఫ్లోరైడ్‌ను కాదు, అమ్మోనియాను. నల్లా నీళ్లు వాడండి, యాంటీ క్లోరిన్ వేసి. క్యాన్ నీళ్లు ఒక్కటే పోయకండి, ప్లాంటులో ఆర్వో వడపోతకు లవణాలు చాలావరకు పోతాయి, అవి లేకపోతే పీహెచ్ నిలకడగా ఉండదు. బోరు నీళ్లే దిక్కయితే గప్పీ, మోలీ, ప్లాటీ పెంచండి, వాటికి కఠిన జలం, అంటే లవణాలు ఎక్కువున్న నీళ్లు, ఇష్టం. నియాన్ టెట్రా మెత్తటి, అంటే లవణాలు తక్కువున్న నీళ్ల చేప. గోల్డ్ ఫిష్ ఎంత చిన్నగా కనిపించినా బాగా పెరుగుతుంది, విసర్జన కూడా ఎక్కువ, మీ ట్యాంకుకు వద్దనే అంటాను. పాపకు రంగురంగుల గప్పీలు చూపించండి, అవి పిల్లలు పెడితే మీరు వద్దన్నా ఆ ట్యాంకు ముందు నుంచి లేవదు.

ఇంకో మాట, అందంగా ఉన్నాయని బయటి రాళ్లు తెచ్చి వేసేముందు నిమ్మరసం పిండి చూడండి. హుజూర్‌నగర్, మట్టంపల్లి వైపంతా సున్నపురాయి, బుస్సున నురగ వస్తే ఆ రాయి నీళ్లను ఇంకా కఠినం చేస్తుంది.

జవాబు (మహబూబ్‌నగర్):
ట్యాంకు ఎక్కడ పెట్టారమ్మా? మీ కొలతకు నీళ్లే 50 లీటర్ల పైన, అంటే 50 కిలోల పైన, కంకర, గాజు అదనం. బల్ల గట్టిగా, సమంగా ఉండాలి, ట్యాంకు కింద థర్మాకోల్ షీట్ వేయండి. ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర వద్దు, పాచి పడుతుంది, ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు మరీ వేడెక్కుతాయి. ఇప్పుడైతే చేపలు లేవు కాబట్టి చోటు మార్చడం తేలిక, కానీ నీళ్లు తీయకుండా జరిపితే గాజు అతుకులు ఊడొచ్చు. కరెంటు గంటల తరబడి పోయే వీధి అయితే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి పెట్టుకోండి, గాలి ఆడకపోతే స్పాంజ్‌లో బ్యాక్టీరియా కూడా చస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్. కిటికీ పక్కనే పెట్టాం, రేపే మారుస్తాం. పాపకు గప్పీలని చెప్పాను, ఒప్పుకుంది. స్పాంజ్ ఎప్పుడు కడగాలి?

జవాబు (మిర్యాలగూడ):
గాలి బుడగలు తగ్గినప్పుడే, అదీ నల్లా కింద కాదు. నీళ్లు మార్చేటప్పుడు ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి పెట్టేయండి, సబ్బు తగలనివ్వొద్దు. రెండూ సున్నా వచ్చాక కూడా ముందు మూడు నాలుగు గప్పీలే వదలండి, ఒకటి రెండు వారాలు టెస్ట్ చేసి చూసి మిగతావి. షాపు కవర్ పదిహేను ఇరవై నిమిషాలు ట్యాంకులో తేలనిచ్చి, మీ నీళ్లు కొంచెం కొంచెం కలిపి, చేపల్ని చిన్న వలతో తీసి వదలండి, కవర్లో నీళ్లు మాత్రం ట్యాంకులో పోయొద్దు.