వెనక ఇంజిన్, ముందట రేడియేటర్: ఇంట్లో కట్టే బగ్గీకి కూలింగ్ పైపులు ఎట్ల వేయాలె?

దేవరకొండ_బగ్గీ

అన్నలకు నమస్తే. చదరపు పైపు ఫ్రేం మీద బగ్గీ కడుతున్న. మారుతి 800 ఇంజిన్, గేర్‌బాక్సు సీటు వెనక. దాని ఒరిజినల్ రేడియేటర్, ఫ్యాన్ ముందట. నడుమ దూరం రెండున్నర మీటర్లు. ఇప్పటికైతే మొత్తం రబ్బరు హోసే, ఫ్లోర్ కింద నుంచి తీసుకపోయిన. ముందట జాగ లేక రేడియేటర్‌ను వాల్చి కిందికి పెట్టిన. దాంతోని దాని క్యాప్ ఇంజిన్ థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కినంక రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వు) హౌసింగ్ కంటే జానెడు కిందికి పడ్డది. ఫ్యాన్ స్విచ్ రేడియేటర్ కింది ట్యాంకులో ఉన్నది.

ఐడ్లింగ్‌లో వదిలేస్తే టెంపరేచర్ గేజ్ ముప్పావు దాకా పోయి, ఒక్కసారిగ సగానికి పడిపోతది, మల్ల లేస్తది. ఇంజిన్ కాడ హోస్ చెయ్యి పెట్టలేనంత కాలుతది, రేడియేటర్ మాత్రం సల్లగనే ఉంటది. ఫ్యాన్ తిరుగుతలేదు. స్విచ్ వైర్లు రెండు కలిపితే తిరుగుతది.

పెద్ద రేడియేటర్ వేయాల్నా? థర్మోస్టాట్ తీసేయమని కొందరు, ఎలక్ట్రిక్ పంపు పెట్టుమని కొందరు అంటున్నరు. హీటర్ మూతులు (కారు లోపలి హీటర్‌కు ఇంజిన్ నీళ్లు పోయొచ్చే మూతులు) రెండింటికి బిరడాలు కొట్టిన, అది సరేనా? పక్కా పైపులు దేనితోని చేయించాలె?

---

పాలమూరు_వర్క్‌షాప్

తమ్మీ, ముందుగాల ఆ బండిని స్టార్ట్ చేయుడు ఆపు. గేజ్ సగానికి పడ్డప్పుడు ఇంజిన్ సల్లబడ్డదనుకోకు. సెన్సర్ నీళ్లలో ఉంటేనే సరిగ్గ చూపిస్తది. అది గాలి బుడగలో పడితే ముల్లు కిందికి దిగుతది, హెడ్ (ఇంజిన్ పైభాగం) మాత్రం లోపల ఇంకా కాలుతనే ఉంటది. హెడ్ వంకరపోయేది, గ్యాస్కెట్ పోయేది గా టైంలనే.

రేడియేటర్ సైజుతోని నీకు ఇబ్బంది లేదు. 800 రేడియేటర్ 800 ఇంజిన్‌కు సరిపోతది. ఇబ్బందంతా గాలి. కారులో ఉన్నప్పుడు క్యాప్ అన్నిటికంటే పైన ఉంటది, గాలి తనంతట తానే అక్కడికి చేరి బయటికి పోతది. నీ బండిలో అన్నిటికంటే పైనున్నది థర్మోస్టాట్ హౌసింగ్, అక్కడ గాలికి దారి లేదు. వాటర్ పంపు నీళ్లను తోస్తది గానీ గాలిని తోయలేదు. థర్మోస్టాట్ చుట్టూ గాలి, ఆవిరి ఉంటే అది తెరుచుకునుడు లేటైతది. ముందుకు వేడి నీళ్లు రాకపోతే ఫ్యాన్ స్విచ్ ఎందుకు పడతది? ఎలక్ట్రిక్ పంపు పెట్టినా గిదే కథ, దాని జోలికి పోకు.

చేయాల్సింది ఇది. ఇంజిన్ మీద, అన్నిటికంటే ఎత్తుల, ఒక ప్రెజర్ హెడర్ ట్యాంకు (ఒత్తిడికి తట్టుకునే, నీళ్లు నింపే పై ట్యాంకు) పెట్టు. ట్యాంకులో నీళ్ల మట్టం థర్మోస్టాట్ హౌసింగ్ కంటే కనీసం 50 నుంచి 100 మి.మీ. పైకి ఉండాలె. దానికి మూడు పైపులు వస్తయి.

ఒకటి, ట్యాంకు అడుగు నుంచి 16 లేదా 19 మి.మీ. హోస్ దిగి, రేడియేటర్ నుంచి తిరిగొచ్చే పైపులో పంపు మూతికి జానెడు దూరంల టీ (T ఆకారం జాయింటు) దగ్గర కలవాలె. ఇది చాలా ముఖ్యం. పంపు గుంజే వైపే ఒత్తిడి అన్నిటికంటే తక్కువ. ట్యాంకుల నీళ్ల బరువు, క్యాప్ ఒత్తిడి అక్కడ పడితేనే పంపు లోపల నీళ్లు ఆవిరి బుడగలు కావు. చాలామంది ఈ టీని వేడి హోస్‌లో వేస్తరు. నీళ్లు నిండినట్టే కనిపిస్తది, ఆర్పీఎం పెంచంగనే వేడెక్కుతది.

రెండోది థర్మోస్టాట్ హౌసింగ్ పైభాగం నుంచి ట్యాంకు పైభాగానికి 6 మి.మీ. సన్న పైపు. మూడోది రేడియేటర్ పై మూల నుంచి ట్యాంకు దాకా ఇంకొక సన్న పైపు. ఈ రెండు సన్న పైపుల నిపుల్ రంధ్రం 2 నుంచి 3 మి.మీ. ఉంటే చాలు. ఇంకా పెద్దగ పెడితే నీళ్లు రేడియేటర్‌కు పోకుండ ఇటు నుంచే తిరిగిపోతయి. రేడియేటర్ నుంచి వచ్చే సన్న పైపు దారి పొడుగునా పైకే ఎక్కాలె, నడుమ ఎక్కడా దిగొద్దు. దిగితే మల్ల అక్కడ గాలి నిలుస్తది.

రేడియేటర్ మీదున్న క్యాప్ తీసి స్ప్రింగు లేని మూత క్యాప్ బిగించు. ప్రెజర్ క్యాప్ ఒక్క ట్యాంకు మీదనే ఉండాలె, 0.9 (సుమారు 0.9 బార్ ఒత్తిడి) అని అచ్చు ఉన్నది తీసుకో. ఉత్త నీళ్లయినా ఆ ఒత్తిడిల దగ్గర దగ్గర 118 డిగ్రీల దాకా మరగవు. సగం కూలెంట్ ఉంటే 125 దాటుతది.

800తోని వచ్చే తెల్ల డబ్బాను ట్యాంకుగా వాడకు. అది పొంగిన నీళ్లు పట్టే డబ్బా మాత్రమే, ఒత్తిడికి పగిలిపోతది.

---

మిర్యాలగూడ_ఫ్యాబ్రికేషన్

పైపుల సంగతి నేను చెప్త. పొడుగంతా రబ్బరు హోస్ వేయొద్దు. వేడికి సాగి నడుమ వంగుతది, వంగిన కాడ గాలి నిలుస్తది. పంపు గుంజే వైపు హోసైతే ఆర్పీఎం పెరగంగనే అప్పడం లెక్క చప్పిడైపోతది.

మెట్ల రెయిలింగ్ చేసే షాపుల ఒకటింపావు అంగుళం ఎస్ఎస్ పైపు దొరుకుతది. బయటి కొలత 31.8 మి.మీ. మందం 1.2 మి.మీ. ఉన్నది, 304 గ్రేడ్ అడిగి తీసుకోండి. రెయిలింగ్‌కు ఎక్కువగ 202 పోతది, అయస్కాంతం పెట్టి చూస్తే రెంటికీ తేడా తెలువది, కాబట్టి బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి. వంపులకు రెడీమేడ్ బెండ్లు అక్కడనే ఉంటయి, టిగ్ వెల్డింగ్ చేయించండి. ఎల్బో లెక్క మూలమలుపు వద్దు, తిరిగే బెండే కావాలె.

ఇంజిన్ మూతి, రేడియేటర్ మూతి రెండూ వర్నియర్‌తోని కొలవండి. పైపు కొలతకు తేడా ఉంటే ఒక చివర సన్నగ, ఒక చివర లావుగ ఉండే రెడ్యూసర్ హోస్ తీసుకోండి. లావు హోస్‌ను సన్న మూతి మీద క్లిప్పుతోని నొక్కి బిగిస్తే ముడత పడి కారుతది.

పైపు చివర నున్నగ వదిలేస్తే హోస్ జారి ఊడుతది. చివరి నుంచి 5 మి.మీ. లోపలికి చుట్టూత సన్న వెల్డ్ గీత వేసి, ఆకురాయితోని గుండ్రంగ రాకి నున్నగ చేయండి. హోస్ పైపు మీదికి 35 మి.మీ. ఎక్కాలె. క్లిప్పు ఆ గీతకు లోపలి దిక్కు ఉండాలె గానీ గీత మీద కాదు. 4 మి.మీ. మందం హోస్ అయితే బయటి కొలత 40కి వస్తది, క్లిప్పు 32-50 సైజు తీసుకోండి. మొదటిసారి వేడెక్కి సల్లారినంక అన్ని క్లిప్పులు మల్ల ఒకసారి బిగించాలె, రబ్బరు కూర్చుంటది.

జీఐ పైపు అస్సలు వద్దు. దాని మీది జింకు కూలెంట్‌తోని కలిసి బురద తయారైతది. సీపీవీసీ వేడి నీళ్ల పైపే కదా అంటరు, దాని హద్దు 93 డిగ్రీలు. ఇంజిన్ నీళ్లు దాన్ని దాటుతయి. అల్యూమినియం రేడియేటర్ ఉంటే రాగి పైపు కూడా వద్దు, అల్యూమినియంను తింటది.

వెల్డింగ్ అయినంక పైపు లోపల పొట్టు, రవ్వలు ఉంటయి. బిగించకముందు గుడ్డ గుంజి, జోరుగ నీళ్లు కొట్టి కడగండి. లేకుంటే అవన్నీ రేడియేటర్ సందులల్ల ఇరుక్కుంటయి.

పైపులు మనిషి కూర్చునే కాడ నుంచి పోతే జాయింట్లు లోపల ఉండొద్దు, ముందు గోడ అవతల, సీటు వెనక గోడ అవతలనే ఉండాలె. పైపు మీద ఏసీ పైపులకు చుట్టే నల్ల ఫోమ్ చుట్టి, రేకు మూత వేయండి. ప్రతి 400-500 మి.మీ.కు రబ్బరు ఉన్న క్లాంపు పెట్టండి. పెట్రోల్ పైపుకు ఆనించి మాత్రం తీసుకపోవద్దు.

---

దేవరకొండ_బగ్గీ

చాలా థ్యాంక్స్ అన్నా. ట్యాంకు రెడీమేడ్ కొనాల్నా, చేయించాల్నా? ఎంత సైజు? థర్మోస్టాట్, హీటర్ మూతుల సంగతి కూడా చెప్పండి. నీళ్లు మా బోరువే పోస్తున్న.

---

నల్లగొండ_మెకానికల్

బోరు నీళ్లు ఇక పోయకండి. మన నల్లగొండ నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, ఇంజిన్‌కు ఎక్కువ చేటు చేసేవి ఆ నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీళ్లు ఎక్కడ ఎక్కువ వేడెక్కితే అక్కడే, అంటే ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ, తెల్లటి పెచ్చు కడతాయి. ఆ పెచ్చు వేడిని బయటికి రానివ్వదు. తగ్గిన నీళ్లు మళ్లీ మళ్లీ పోసినకొద్దీ లవణాలు పేరుకుంటూనే ఉంటాయి. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ 5 లీటర్ల క్యాన్ దొరుకుతుంది, అదే వాడండి.

ఇప్పటికే పెచ్చు కట్టి ఉంటే రేడియేటర్ విప్పి పక్కన పెట్టి, ఇంజిన్ వరకే లీటరుకు 20-25 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లు అరగంట ఉంచి, తేటగా వచ్చేదాకా కడగండి. హెడ్ అల్యూమినియం, అంతకు మించి నానబెట్టొద్దు. పాత ఇత్తడి రేడియేటర్ అయితే షాపులో ట్యాంకు విప్పి కడ్డీ వేసి శుభ్రం చేస్తారు. ప్లాస్టిక్ ట్యాంకులున్న అల్యూమినియం రేడియేటర్‌కు అది కుదరదు, మూసుకుపోతే మార్చడమే.

సైజు లెక్క: పైన మిర్యాలగూడ అన్న చెప్పిన పైపు లోపలి కొలత 29.4 మి.మీ., మీటరుకు 0.68 లీటరు పడుతుంది. రానూపోనూ 5 మీటర్లకు 3.4 లీటర్లు అదనం. ఇంజిన్, రేడియేటర్ కలిపి మొత్తం 7 లీటర్లనుకుంటే, వేడికి 4-5 శాతం పొంగుతుంది, అంటే 300-350 మి.లీ. ఆ పొంగుకు జాగా, పైన గాలికి కొంచెం, అడుగున పైపు ఎప్పుడూ మునిగి ఉండేందుకు కొంచెం కావాలి. లీటరున్నర ట్యాంకు సరిపోతుంది, సల్లగా ఉన్నప్పుడు సగం నింపండి. 4 అంగుళాల ఎస్ఎస్ పైపు ముక్క 8 అంగుళాల ఎత్తు కోసి రెండు వైపులా మూస్తే సుమారు అంతే వస్తుంది. క్యాప్ మూతిని క్యాప్‌తో పాటే కొనండి. మూతి లోతుకు, క్యాప్ స్ప్రింగు పొడవుకు పొంతన లేకపోతే 0.9 అని అచ్చు ఉన్నా ఒత్తిడి నిలవదు. రెడీమేడ్ కావాలంటే స్క్రాప్‌లో మరలు తిప్పే మూత ఉన్న మందపాటి ప్రెజర్ ట్యాంకు చూడండి.

థర్మోస్టాట్ తీయొద్దు. బైపాస్ (నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఇంజిన్‌లోకే తిరిగొచ్చే పక్కదారి) ఉన్న ఇంజిన్లలో అది తీస్తే బైపాస్ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, సగం నీళ్లు రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగొస్తాయి. దాని అంచులో చిన్న పిన్ను కదులుతూ ఉంటుంది, గాలి పోవడానికి అది. బిగించేటప్పుడు ఆ పిన్ను పైకి ఉండాలి. పిన్ను లేకపోతే అంచులో 3 మి.మీ. రంధ్రం ఒకటి వేయండి. పనిచేస్తుందో లేదో చూడాలంటే గిన్నెలో నీళ్లు కాచి, థర్మామీటర్ పెట్టి, దాని మీద అచ్చు ఉన్న డిగ్రీల దగ్గర తెరుచుకుంటుందా అని చూడండి. 82 లేదా 88 అని ఉంటుంది.

హీటర్ మూతులకు బిరడాలు తీసి, రెండింటినీ ఒక హోస్‌తో కలపండి. థర్మోస్టాట్ మూసి ఉన్నంతసేపు ఇంజిన్ లోపల నీళ్లు కదిలేది చాలా ఇంజిన్లలో ఆ దారినే. అది మూస్తే థర్మోస్టాట్‌కు వేడి కబురు ఆలస్యంగా అందుతుంది.

ఇంకొకటి. జనవరి పొద్దున బాగానే ఉందని తృప్తి పడొద్దు. నీళ్లు 95 డిగ్రీలు, గాలి 15 డిగ్రీలు ఉంటే తేడా 80. మే నెలలో మన దగ్గర గాలి 44 ఉంటే తేడా 51. అదే రేడియేటర్ అప్పుడు తీసేసే వేడి మూడింట రెండు వంతులు కూడా ఉండదు. అందుకే గాలి దారి మీద ఖర్చు పెట్టండి. ఫ్యాన్‌కు పూర్తి ష్రౌడ్ (రేడియేటర్ మొత్తాన్ని ఫ్యాన్‌తో కలిపే తొడుగు) ఉండాలి, లేకపోతే రెక్కలు తిరిగే గుండ్రం మేరకే గాలి లాగుతుంది. రేడియేటర్ పక్కల సందులు ఫోమ్‌తో మూయండి, గాలి సందు దొరికితే అటే పోతుంది. వెనక్కి వేడి గాలి పోయే దారి కూడా అంతే ముఖ్యం. ఫ్యాన్‌కు రిలే, ఫ్యూజు, 2.5 చదరపు మి.మీ. వైరు వేయండి. సెన్సర్ మరలకు టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, ఒక్క వైరు సెన్సర్‌కు ఎర్త్ ఆ మరల నుంచే.

---

పాలమూరు_వర్క్‌షాప్

నింపే పద్ధతి కూడా రాస్తున్న, సగం మంది ఇక్కడనే తొందరపడుతరు.

ట్యాంకు ఉన్న దిక్కు, అంటే నీ బండికి వెనక దిక్కు, కొంచెం ఎత్తుల ఉండేటట్టు నిలబెట్టు. ట్యాంకు నుంచి సన్న ధారగ పొయ్యి. రేడియేటర్ పై మూలల నిపుల్ కాడ సన్న పైపు ఊడదీసి పట్టుకో, బుడగలు లేకుండ నీళ్లు వచ్చినంక పెట్టేయి. హోస్‌లను చేత్తోని పిసుకుతుంటే నిలిచిన గాలి కదులుతది. క్యాప్ పెట్టకుండ స్టార్ట్ చేసి 1500 ఆర్పీఎంల ఉంచు. థర్మోస్టాట్ తెరుచుకోంగనే ముందటి పైపు వేడెక్కుతది, ట్యాంకుల మట్టం దిగుతది. పోస్తూ ఉండు. మట్టం నిలబడంగనే, నీళ్లు మరగకముందే, క్యాప్ పెట్టు. ఫ్యాన్ రెండు సార్లు తిరిగి ఆగేదాకా చూసి బంద్ చేయి. తెల్లారి సల్లగ ఉన్నప్పుడు మట్టం చూసి సగానికి తేవాలె. వేడిమీద క్యాప్ ముట్టుకోవద్దు.

లీకులు చూసేతందుకు మొదట ఉత్త డిస్టిల్డ్ వాటర్ పొయ్యి. అన్నీ బాగున్నంక దించేసి కూలెంట్ పొయ్యి. మనకు గడ్డకట్టే చలి లేదు కాబట్టి చిక్కటి కూలెంట్ ఒక వంతుకు రెండు వంతుల నీళ్లు చాలు, డబ్బా మీద ఒప్పుకుంటే. రెడీమేడ్‌గ కలిపి వచ్చేదాంట్ల నీళ్లు కలపొద్దు.

నడిపినంక గుర్తు పెట్టుకో: నిలబడ్డప్పుడే వేడెక్కి పోతుంటే తగ్గితే ఫ్యాన్ దిక్కు చూడు. స్పీడ్‌ల పోతుంటే వేడెక్కితే రేడియేటర్ మూసుకపోయిందో, గుంజే హోస్ చప్పిడైతుందో చూడు. పొద్దుగాల స్టార్ట్ చేసిన నిమిషంలనే హోస్ రాయి లెక్క గట్టిపడి, ట్యాంకుల బుడగలు ఆగకుండ వస్తే హెడ్ గ్యాస్కెట్ పోయింది, పైపులు ఎంత మార్చినా లాభం లేదు.

---

మిర్యాలగూడ_ఫ్యాబ్రికేషన్

ట్యాంకు క్యాప్ పక్కన ఉండే ఓవర్‌ఫ్లో నిపుల్ మర్చిపోకండి. ట్యాంకు సీటు వెనకనే వస్తది కాబట్టి, దాని నుంచి హోస్ తీసి ఫ్రేం కిందికి దించాలె, మనిషి దిక్కు గానీ ఎగ్జాస్ట్ దిక్కు గానీ కాకుండ. కూలెంట్ ఎర్రగ కాలిన ఎగ్జాస్ట్ మీద పడితే నీళ్లు ఆవిరైపోయి మిగిలిన గ్లైకాల్ అంటుకోవచ్చు. ట్యాంకుకు, డ్రైవర్ వీపుకు నడుమ పూర్తి రేకు గోడ ఉండాలె.