ఆమదాలవలసను పట్టణం చేసింది రైలేనా?

నాగావళి తీరం:
శ్రీకాకుళం రోడ్డు స్టేషను శ్రీకాకుళంలో లేదు, సుమారు 13 కిలోమీటర్ల దూరాన ఆమదాలవలసలో ఉంది. మన ఉత్తరాంధ్రలో ‘వలస’ అంటే నలుగురు వచ్చి గుడిసెలు వేసుకున్న చిన్న ఊరు. 1893–96 మధ్య తూర్పు తీర రైలుమార్గం ఈ దారిన వేయకపోయి ఉంటే ఇది నేటికీ వలసగానే ఉండేదని నా వాదన.

దూసివైపు:
అంగీకరించలేను. అదే మార్గంలో మా దూసి ఉంది, పొందూరు ఉంది, పైన మందస రోడ్డు ఉంది. పొందూరు పేరు దేశమంతటా తెలిసింది సన్నఖాదీ నేసిన చేతుల వల్ల, పట్టాల వల్ల కాదు. మందస రోడ్డుకు, ఊరు స్టేషనుకు దూరంగా ఉందని చెప్పే ‘రోడ్డు’ అన్న తోక కూడా ఉంది, అయినా అక్కడ పట్టణం లేవలేదు. రైలు అందరికీ వచ్చింది కదండీ, మరి ఒక్క ఊరే ఎందుకు పెరిగింది?

నాగావళి తీరం:
మీ ప్రశ్న సరైనదే, కనుక నా మాటను కొంత సవరించుకుంటాను. ఊరిని పెంచింది రైలు ఒక్కటే కాదు, రైలుకూ సిక్కోలుకూ, అంటే శ్రీకాకుళానికీ, మధ్య మిగిలిపోయిన ఆ 13 కిలోమీటర్లు. అర్ధరాత్రి దిగినవాడు తెల్లవారేదాకా ఎక్కడో తల వాల్చాలి, టీ తాగాలి, జట్కానో తరువాతి రోజుల్లో బస్సునో వెతుక్కోవాలి. పాలకొండ వైపు నుంచి బండ్ల మీద వచ్చిన సరుకు వ్యాగను దొరికేదాకా ఏదో ఒక కొట్టులో నిలవ ఉండాలి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక కలెక్టరు కచేరీలో పని ఉండి రైలెక్కినవారిలో ఎక్కువమంది దిగింది ఇక్కడే. మందస రోడ్డుకు వెనుక అంతటి ఊరు లేదు. పట్టాలు నేరుగా సిక్కోలు నడిబొడ్డుకే వెళ్లి ఉంటే ఆమదాలవలస కూడా, మన్నించండి, మీ దూసిలాగే ఉండేది.

దూసివైపు:
మన్నించాను. అయితే అది రైలు ఘనత కాదు, జిల్లా కేంద్రం ఘనత. ఆ లెక్కన ఆమదాలవలస శ్రీకాకుళానికి శివారు పేట అన్నమాట.

వలసవాసి:
ఇక్కడే పుట్టి పెరిగినవాడిగా ‘శివారు పేట’ అన్న మాటను ఒప్పుకోను. మాకు సొంత పురపాలక సంఘం ఉంది, మా ఊరి పేరుతోనే శాసనసభ నియోజకవర్గం ఉంది. చక్కెర కర్మాగారం మూతపడినప్పుడు ఊరు పని అయిపోయిందన్నారు, చెరుకు రైతులకు కష్టం నిజంగానే వచ్చింది, కానీ స్టేషను వీధి దుకాణాలు మాత్రం ఆగలేదు. కనుక మొదటి వాదనకే నా మద్దతు. నా అభ్యంతరమల్లా పేరు దగ్గరే. బోగీ దిగేది మా నేల మీద, టికెట్టు మీద ఉండేది శ్రీకాకుళం పేరు. స్టేషను సంకేతం ‘సీహెచ్‌ఈ’ అయితే ఆంగ్లేయులు పలికిన ‘చికాకోల్’ను ఇప్పటికీ మోస్తోంది, అందులో ఆమదాలవలసది ఒక్క అక్షరమూ లేదు.