డేటా సెంటర్లు చెన్నై నీళ్లు తాగేస్తున్నాయా?

పెరుంగుడి_పిల్లోడు: అంబత్తూరు, సిరుసేరి ఎటు చూసినా కొత్త డేటా సెంటర్లే. 2019 ఎండాకాలంలో పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ అడుగంటి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెప్పించుకున్న ఊరిది. మన కండలేరు నుంచి రావాల్సిన కృష్ణా నీళ్లూ అప్పుడు ఆదుకోలేదు. ఇక సర్వర్లని చల్లబరచడానికి నీళ్లెక్కడ తెస్తారు? కొత్తవి ఆపేయాలంటాను.

చిల్లర్_అన్న: తమ్ముడూ, నేను ఆ పనిలోనే ఉన్నా. నీళ్లు ఆవిరయ్యే కూలింగ్ టవర్లుంటే నీ భయం నిజమే. మా దగ్గర ఎయిర్ కూల్డ్ చిల్లర్లు, పైపుల్లో అవే నీళ్లు తిరుగుతాయి, మేడ మీద ఫ్యాన్లు వేడిని బయటికి నెట్టేస్తాయి. మే నెల మధ్యాహ్నం అక్కడికెళ్తే బూట్లలోంచి కూడా కాళ్లు కాలతాయి, అది వేరే గొడవ. ఓఎమ్ఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) అపార్ట్‌మెంట్లు బోర్లేసి తోడేదాని గురించి మాత్రం ఎవరూ అడగరు!

రెడ్‌హిల్స్_అక్క: ఆ ఫ్యాన్లేమన్నా ఊరికే తిరుగుతాయా అన్నా? నీళ్లు మిగిలిన చోట కరెంటు ఎక్కువ కాలుతుంది, ఆ కరెంటులో బొగ్గుది పెద్ద వాటా. చెన్నైకి ఉత్తరాన ఎన్నూరులో థర్మల్ స్టేషన్ బూడిద పైపులు లీకై కొసస్థలై నదిలో, క్రీక్‌లో (సముద్రపు పాయలో) బూడిద ఎంత మేట వేసిందో చూశారా? నీళ్లలో దిగి చేత్తో తడిమి రొయ్యలు పట్టేవాళ్లు అక్కడ, ఇప్పుడు కాలు పెడితే బూడిద బురద. సిరుసేరిలో చల్లగా ఉండటానికి ఎన్నూరువాళ్లు మూల్యం కడుతున్నారు, నాకు మంట అక్కడ.

చిల్లర్_అన్న: చాలామంది గాలిమరల కరెంటు కొంటున్నారు కదమ్మా.

రెడ్‌హిల్స్_అక్క: తమిళనాడులో గాలి బాగా వీచేది మే నుంచి సెప్టెంబరు దాకా. సర్వర్లు డిసెంబరు అర్ధరాత్రి కూడా నడవాలిగా! కాగితం మీద లెక్క సరిపోతుంది, ఆ రాత్రి గ్రిడ్‌లోకి వచ్చేది మాత్రం బొగ్గు కరెంటే ఎక్కువ.

పెరుంగుడి_పిల్లోడు: జనరేటర్లని మర్చిపోయారు. టెస్టింగ్ పేరుతో వరసగా ఆన్ చేస్తే వీధంతా డీజిల్ వాసన.

చిల్లర్_అన్న: సరే, టవర్లు పెట్టేవాళ్లకి రూలు పెట్టండి. కోయంబేడు, కొడుంగయ్యూరు ప్లాంట్లు మురుగునీటిని శుద్ధి చేసి పరిశ్రమలకిస్తాయి, ఒక్కొక్కటి రోజుకి 4.5 కోట్ల లీటర్ల కెపాసిటీ. అవే వాడమనండి, చెరువు జోలికి రారు.

రెడ్‌హిల్స్_అక్క: దానికి నేనూ సరే. కానీ ఆవిరైపోగా టవర్లో మిగిలిన ఉప్పునీళ్లు, అందులో నాచు పట్టకుండా కలిపిన మందులు ఎక్కడ వదుల్తారు? వర్షపు కాలవలోనా? పెరుంగుడి వైపు కాలవలు చాలా వరకు పళ్లికరణై చిత్తడిలోకే పోతాయి, 2022లో రామ్‌సార్ గుర్తింపు (ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన చోటది. ఆ సంగతి పర్మిషన్ కాగితంలో ఉంటుందా అన్నా, మీరు చూసే ఉంటారుగా?