ఒడిశాలోని కోరాపుట్, మల్కన్‌గిరి వైపు ఒంటరిగా లోకల్ బస్సుల్లో తిరగడం బాధ్యత లేని పనా?

కిటికీ_సీటు:
వైజాగ్ నుంచి మనవాళ్ల టూరంటే బొర్రా, అరకు, ఈ మధ్య లంబసింగి. పొద్దున్నే బయల్దేరే కిరండూల్ పాసింజర్ అరకులో సగానికి పైగా ఖాళీ అయిపోతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడం కోసం 1960ల్లో వేసిన ఆ లైను మీద మామూలు టికెట్టుతో కోరాపుట్, జయపురం, జగదల్‌పూర్, దంతెవాడ దాకా పోవచ్చు. ఆ సంగతి చాలామందికి పట్టదు. నాకు ఆ దారంటే ప్రాణం. బ్యాగు ఒకటి తగిలించుకుని ఒక్కడినే వెళ్తాను, రైలు దిగాక బస్సు, బస్సు పోని చోటికి సర్వీసు ఆటో, అలా తిరుగుతుంటాను.

మొన్న మా బంధువుల్లో ఒక పెద్దాయన ఇదంతా బాధ్యత లేని తిరుగుడు అన్నారు. ఆయన వాదన ఏంటంటే అవి టూరిస్టులు తిరిగే జిల్లాలు కావు, వెళ్లాలంటే కారు మాట్లాడుకుని, తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని పగలే వెళ్లి పగలే వచ్చేయాలట. 2011లో మల్కన్‌గిరి కలెక్టర్ వినీల్ కృష్ణ గారిని మావోయిస్టులు ఎత్తుకెళ్లిన సంగతి, 2012లో కంధమాల్‌లో ఇద్దరు ఇటలీ వాళ్లని పట్టుకెళ్లిన సంగతి గుర్తు చేశారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదని నాకూ తెలుసు. కానీ పరిస్థితి అప్పట్లా లేదు. బలిమెల రిజర్వాయరు నీళ్ల వల్ల దశాబ్దాల పాటు తెగిపోయి, లాంచీ తప్ప దారి లేని చిత్రకొండ అవతలి ఊళ్లకి 2018లో గురుప్రియ వంతెన వచ్చింది, 910 మీటర్లది. 2023లో ఒడిశా ప్రభుత్వం పంచాయతీల నుంచి బ్లాకు కేంద్రాలకి చవక టికెట్టు బస్సులు మొదలుపెట్టింది, అవి కూడా ముందు ఈ దక్షిణ జిల్లాల్లోనే.

ఇంకో మాట. కారులో వెళ్లేవాళ్లు డుడుమ జలపాతం చూసి, గుప్తేశ్వరం గుహలో దణ్ణం పెట్టుకుని, వైజాగ్‌లో కట్టించుకున్న పులిహోర కారులోనే తిని వచ్చేస్తారు. వాళ్ల డబ్బంతా వైజాగ్ ట్రావెల్స్‌కీ పెట్రోలు బంకుకీ పోతుంది. నా డబ్బు జయపురం లాడ్జికీ, మెస్సుకీ, ఆటో అతనికీ, బస్టాండు దగ్గర ఉప్మా, ఘుగునీ (బఠానీల కూర) అమ్మే ఆవిడకీ పోతుంది. ఎవరిది బాధ్యత లేని పని? మీ అభిప్రాయం మొహమాటం లేకుండా రాయండి.

గోస్తనీ_గట్టు:
మొహమాటం లేకుండానే రాస్తున్నాను తమ్ముడూ. నేను మన ఏజెన్సీలోనే ఆరోగ్య శాఖలో పనిచేసి రిటైర్ అయ్యాను. మావోయిస్టుల గురించి నాకు అంత బెంగ లేదు, నా బెంగంతా చివరి బస్సు గురించి. అది వెళ్లిపోయాక కొండ మీద ఊళ్లో మీరు ఎక్కడ ఉంటారు? లాడ్జి ఉండదు, హోటలు ఉండదు. ఆశ్రమ పాఠశాల మాస్టారి గదిలోనో, ఆశా కార్యకర్త ఇంటి అరుగు మీదో పడుకుంటారు, వాళ్లు కాదనలేరు. కోడిని కోసి పెడతారు, అది వాళ్లు వచ్చే సంతకి అమ్ముకుందామని పెంచుకున్న కోడి. తెల్లారాక మీరు కొండ దిగి "ఎంత మంచి మనుషులండీ, రూపాయి తీసుకోలేదు" అని అందరికీ చెబుతారు. ఆ రూపాయి ఎందుకు తీసుకోలేదో ఆలోచించరు. అతిథిని డబ్బు అడగడం అక్కడ పరువు తక్కువ. అడగకపోయినా ఆ ఖర్చు ఆ ఇంటిదే కదా.

రెండోది జ్వరం. ఈ పట్టీ అంతా ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా ఉన్న చోటు, మన పాడేరు వైపూ అంతే, అటు మల్కన్‌గిరీ అంతే. ఈ మధ్య కేసులు తగ్గాయి, నిజమే. కానీ కింద నుంచి వెళ్లినవాడికి ఒంట్లో తట్టుకునే శక్తి అసలు ఉండదు. ఒంటరిగా వెళ్లినవాడు కొండ మీద జ్వరంతో పడిపోతే డోలీ మోసేది ఎవరు? నలుగురు మనుషుల ఒక రోజు కూలి పోతుంది. కోరాపుట్‌లో 2017లో మెడికల్ కాలేజీ వచ్చింది కాబట్టి వైద్యం లేదనను, అక్కడిదాకా తెచ్చేవాళ్ల గురించే నా మాట.

నైట్_హాల్ట్:
ఇద్దరూ మంచి పాయింట్లే రాశారు కానీ బస్సు ఎలా నడుస్తుందో చెప్పకుండా ఈ చర్చ తేలదు. నేను చిన్నప్పట్నుంచీ ఆర్టీసీ పిచ్చోణ్ణి, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

లోపలి ఊళ్లకి పోయే బస్సులు రెండు రకాలు. ఒకటి పొద్దున డిపోలోంచి బయల్దేరి అదే రోజు తిరిగొచ్చేది. రెండోది నైట్ హాల్ట్, సాయంత్రం ఊరు చేరి, డ్రైవరూ కండక్టరూ అక్కడే పడుకుని, తెల్లవారుజామున అక్కడి జనాన్ని ఆసుపత్రికీ కాలేజీకీ దింపే బస్సు. ఈ రెండోది ఊరివాళ్ల టైముకి వేసింది, మన టైముకి కాదు. కొత్తవాడు మధ్యాహ్నం దాకా బస్టాండులో కూర్చుని, బోర్డు మీద ఊరి పేరు నచ్చి అది ఎక్కేస్తాడు, రాత్రికి పైన ఇరుక్కుంటాడు. మేడమ్ గారు చెప్పిన పరిస్థితి చాలాసార్లు ఇలాగే వస్తుంది. ఎక్కే ముందు కండక్టర్ని ఒకే మాట అడగాలి: "ఇది తిరిగి ఎప్పుడొస్తుంది?" రేపు పొద్దున్న అంటే ఎక్కకూడదు, పైన బస ఖాయమైతే తప్ప.

నా పద్ధతి ఇది. జయపురంలో గది. అక్కడ తెలుగు బాగానే నడుస్తుంది, ఇడ్లీ దోసెలకి లోటు లేదు, బస్సులు నాలుగు వైపులకీ ఉంటాయి. పొద్దున మొదటి బస్సుకి కోట్‌పాడ్ వెళ్తే నేతగాళ్ల ఇళ్ల దగ్గరే ఆ ఎర్రటి చీరలు, తువ్వాళ్లు కొనొచ్చు. చెట్టు వేరుతో రంగు వేస్తారు, 2005లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. మధ్యాహ్నానికి వెనక్కి. మర్నాడు ఇంకో వైపు. అన్నీ చూశాక బ్యాగు సర్దుకుని మల్కన్‌గిరి, అక్కడ్నుంచి మోటు, అక్కడే సీలేరు వచ్చి శబరిలో కలుస్తుంది, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, ఆంధ్ర మూడూ ఎదురెదురుగా ఉంటాయి. అది దాటితే చింతూరు, భద్రాచలం. ఎక్కిన చోటికే తిరిగి రాకుండా చుట్టు తిరిగి మన ఊళ్లోనే తేలతాం. ఈ చుట్టులో ఏ రాత్రీ పల్లెలో పడుకోనక్కర్లేదు, బస్సులో ఎవడి దయా అక్కర్లేదు.

వానాకాలంలో మాత్రం ఈ ప్లానంతా మర్చిపోండి. కె.కె. లైను (ఆ కిరండూల్ రైలు దారి) మీద కొండచరియలు పడి రైళ్లు ఆగిపోతుంటాయి, ఘాట్ రోడ్ల సంగతి చెప్పక్కర్లేదు.

చోడి_అంబలి:
ఇంతవరకూ రాసినవాళ్లలో "ఒంటరిగా" అన్న మాటని ఆడదాని వైపు నుంచి ఎవరూ చూడలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఆ పెద్దాయన చెప్పినట్టు కారు మాట్లాడుకుని వెళ్లడం క్షేమం అన్నది నా విషయంలో తలకిందులు. తెలియని డ్రైవరుతో అడవి రోడ్డు మీద అయిదు గంటలు నేనొక్కదాన్నే ఉండడం క్షేమమా, నలభై మందీ నాలుగు కోళ్లూ ఉన్న బస్సులో ముందు సీట్లో ఉండడమా? బస్సులో పక్కన కూర్చున్న అమ్మమ్మ ఎక్కడికి, ఎవరింటికి, పెళ్లయిందా అని అన్నీ అడుగుతుంది, దిగేటప్పుడు కండక్టరుకి అప్పజెప్పి మరీ దిగుతుంది. నాకు ఆ ఆరాలు విసుగనిపించవు. నేను ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగానో నలుగురికి తెలిసి ఉండడమే నా ధైర్యం.

కష్టం బస్సులో లేదు, గదిలో ఉంది. ఒక్క ఆడపిల్ల అనగానే "రూములు లేవు" అనే లాడ్జీలు ఇప్పటికీ ఉన్నాయి, ఒక ఊళ్లో చీకటి పడ్డాక అలాగే అన్నారు, బోర్డు మీద తాళం చెవులు వరసగా వేలాడుతున్నా సరే. ఫోన్ చేసి, ఒక్కదాన్నే అని ముందే చెప్పి, గది ఖాయం చేసుకుంటేనే బయల్దేరుతాను ఇప్పుడు. తలుపు గొళ్లెం గట్టిగా ఉన్న గదికి మగవాళ్లు పెట్టేదానికి రెట్టింపు పెట్టాల్సి వస్తుంది. కాబట్టి ఇలాంటి టూర్ల గురించి రాసేటప్పుడు దయచేసి "అయిదు వందల్లో రోజు గడిచిపోతుంది" అనే లెక్కలు అందరికీ ఒకటే అన్నట్టు రాయకండి. ఏపీలో ఆడవాళ్లకి ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి వచ్చాక పల్లెవెలుగులో నాకు టికెట్టు లేదు, మంచిదే, రాష్ట్రం గీత దాటితే అది వర్తించదు. టికెట్టులో మిగిలింది గదికి పోతుంది.

ఘాట్_డ్రైవ్:
కారు వాళ్లని మరీ పనికిరానివాళ్లుగా చూస్తున్నారు. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, నాన్నకి షుగరు. గుప్తేశ్వరం చూడాలని వాళ్లకీ ఉంటుంది. వాళ్లని సంత రోజు కిక్కిరిసిన బస్సు ఎక్కించమంటారా? మేం రైల్లో జయపురం దాకా వెళ్లి అక్కడి కారు, అక్కడి డ్రైవరునే మాట్లాడుకున్నాం. ఆ రోజు అతనికి ముట్టింది మీరు వారమంతా పెట్టే బస్సు టికెట్ల కంటే ఎక్కువ. డబ్బు అక్కడే ఉండాలన్నదే మీ వాదన అయితే మేమూ ఆ పనే చేశాం.

ఇంకోటి, సంత రోజు బస్సులో సీటు మామూలు సీటు కాదు. అడ్డాకుల కట్టలు, పసుపు, చింతపండు నెత్తిన పెట్టుకుని కొండ దిగినవాళ్లకి అది వారానికి ఒక్కసారి వచ్చే బేరం. పెద్ద బ్యాగు వేసుకుని మీరు ఎక్కితే ఒక మూట కింద ఉండిపోతుంది.

కిటికీ_సీటు:
ఘాట్_డ్రైవ్ గారూ, జయపురం కారు, జయపురం డ్రైవరు అన్నారు చూడండి, దానితో నాకు పేచీ లేదు. నా పేచీ వైజాగ్ నుంచి వైజాగ్ దాకా అద్దాలు ఎత్తుకుని తిరిగేవాళ్లతో. మూట సంగతి మాత్రం ఒప్పుకోను. సంతకి దిగే బస్సు ఎక్కకుండా ఉండడం ఏమంత కష్టం? సంత ఏ రోజో ఆ చుట్టుపక్కల ఏ టీ కొట్టులో అడిగినా చెబుతారు. కుందులి శుక్రవారం, ఒనకఢిల్లీ గురువారం. ఆ రోజు పొద్దున బస్సులు వాళ్లవి, మనం ముందు రోజే చేరిపోవాలి లేదా ఆ దారి వదిలేయాలి. అంతేగానీ బస్సులు ఎక్కడమే తప్పు అనడం కుదరదు. మిగతా రోజుల్లో మధ్యాహ్నం సర్వీసులు ఖాళీగా తిరుగుతాయి, జనం లేరని ట్రిప్పు ఎత్తేస్తే నష్టపోయేది ఆ ఊరివాళ్లే. ఆ ఖాళీ సీటుకి నేను కొనే టికెట్టు కూడా లెక్కలోకి రావాలి.

ఒనకఢిల్లీ పేరెత్తాను కాబట్టి ఒకటి గట్టిగా చెప్పాలి. బోండా తెగ ఆడవాళ్లు కొండ దిగి వచ్చే సంత అది. వాళ్ల మెడలో పూసలనీ కడియాలనీ కెమెరాలు ఎక్కుపెట్టి తీసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బస్సులో వచ్చినా కారులో వచ్చినా అది తప్పే. అక్కడ ఫొటోల మీద ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. ఆంక్షలు లేకపోయినా కూరగాయలు అమ్ముకుంటున్న మనిషి మొహం మీదికి ఫోను పెట్టే హక్కు ఎవడికీ లేదు.

గోస్తనీ మేడమ్ చెప్పిన కోడి దగ్గర మాత్రం నా దగ్గర జవాబు ఉంది. పల్లెలో ఉండాల్సి వస్తే డబ్బు చేతికి ఇవ్వకండి, పుచ్చుకోరు. వెళ్లేటప్పుడే బియ్యం, పప్పు, నూనె కొనుక్కుని వెళ్లండి, వంటింట్లో పెట్టేయండి. అది ఎవరూ కాదనరు.

గోస్తనీ_గట్టు:
బియ్యం, నూనె మంచి ఆలోచనే, కానీ అది ఒక్కరు వెళ్లినంతవరకే పనికొస్తుంది. మీరు వచ్చాక ఊరి పేరు, దారి, ఆ ఇంటాయన పేరు, ఫొటోతో సహా వీడియో పెడతారు. తర్వాతి నెల ఇరవై మంది వస్తారు, ఆ ఇరవై మందీ బియ్యం తెస్తారని ఎవరు హామీ? లంబసింగిలో చూశాం కదా, మంచు కురుస్తోందని పేరు రాగానే చలికాలం ఆదివారాల్లో రోడ్డు మీద అంబులెన్సు కదలని పరిస్థితి వచ్చింది. తిరగండి, నేను వద్దనడం లేదు. లాడ్జీలున్న ఊళ్ల పేర్లు ఎన్నైనా రాయండి, జయపురం, కోరాపుట్, మల్కన్‌గిరి. పల్లె పేరు రాయొద్దు. ఇదే నా షరతు, దీనికి ఒప్పుకునేవాళ్లతోనే నాకు ఏకీభావం.

నైట్_హాల్ట్:
పేరు రాయొద్దు అంటే ఆ ఊరికి బస్సు ఉందనే సంగతి కూడా ఎవరికీ తెలియదు మేడమ్. ఎక్కేవాళ్లు లేని రూటు ఎంతకాలం నిలబడుతుంది? హోమ్‌స్టే పెట్టుకుని నాలుగు డబ్బులు చూద్దామనుకునే పిల్లలు ఆ ఊళ్లలోనూ ఉన్నారు, ఛత్తీస్‌గఢ్ కాంగేర్ లోయలో ధుడ్‌మారాస్ ఊరివాళ్లు పెట్టుకున్నారు, వెదురు తెప్పల మీద తిప్పుతున్నారు, రేటు వాళ్లే చెబుతారు. ఊరి పేరు బయటికి రావాలా వద్దా అన్నది ఆ ఊరివాళ్లు చెప్పాలి, మనిద్దరం ఇక్కడ కూర్చుని కాదు. వాళ్లు బోర్డు పెట్టుకుంటే పేరు రాద్దాం, పెట్టుకోకపోతే వద్దు. దీనికి మీరు ఒప్పుకుంటారా?

గోస్తనీ_గట్టు:
బోర్డు ఊరు పెడితే ఒప్పుకుంటాను. బయట నుంచి లీజుకి తీసుకున్నవాడు పెడితే ఒప్పుకోను.